తలుపు నడుపు చిన్న మోటారు

2025 జూన్ 9న ముంబ్రా వద్ద కిక్కిరిసిన లోకల్ బండ్లనుండి పలువురు జారిపడి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. కొత్తగా నిర్మించు ముంబయి లోకల్ బండ్లకు తమంత తామే మూసికొను తలుపు లమర్చుటకు రైల్వేవారు అదే దినమున నిర్ణయించిరి. ఆ బండ్లలోనే బడికి వచ్చు మాకు ఇది సంతోషమే. కాని ఆ తలుపును నడుపు చిన్న మోటారును గూర్చి ఎవరును మాటలాడరేమి?

ఇంటి పంకాకు చాలు మోటారు ఇచ్చట చాలదు. సముద్రపు ఉప్పుగాలి, వానకాలపు చెమ్మ, ఇనుపధూళి, ఎడతెగని అదురు - ఇన్నింటిని అది సహింపవలెను. బండిలోని 110 వోల్టుల సరఫరా 77కు దిగినను, 137కు ఎక్కినను తలుపు కదలి తీరవలెను. పోనీ, దుమ్మును నీరును చొరకుండ మోటారును బిగించి మూయుదమన్నచో, లోపలి వేడి వెడలు దారియు మూతపడును! రూపకర్త నేర్పంతయు ఇక్కడనే ఉన్నది. తీగచుట్టల సందులలో గాలి మిగులకుండ వార్నిష్ నింపి, వేడిని పైతొడుగు గుండ వెలికి పంపవలెను. అరిగిపోవు కార్బన్ బ్రష్షులు లేని మోటారే మేలని మా అభిప్రాయము. ధర హెచ్చన్నమాట నిజమే. అయితే తలుపు మూతపడనిదే బండి కదలదు; ఒక్క మోటారు మొరాయించిన వేలమంది నిలిచిపోవుదురు.

కనుక కొనువారు ధర నడుగుటకు ముందు, ఉప్పునీటి తుంపరలోను అదురుబల్లపైనను అది ఎన్ని గంటలు నిలిచినదో అడుగవలెను.