కాపీ కొట్టిన పెళ్ళి పద్దు

మా పెద్దమ్మాయి పెళ్ళి లెక్కలన్నీ గూగుల్ షీట్స్‌లో రాసుకున్నాం. మండపం, భోజనాలు, బట్టలు, శుభలేఖలు, ఒక్కో ఖర్చుకి ఒక్కో వరుస. మొన్న చిన్నమ్మాయికి సంబంధం కుదరగానే మా వారు ఆ ఫైలు తెరిచి, ఫైల్ మెనూలో ‘మేక్ ఎ కాపీ’ నొక్కి, పేరు మార్చి, "సగం పని అయిపోయినట్టే" అన్నారు.

నిజమే మరి. కొత్తదాంట్లో ఏం మార్చినా పాత ఫైలు చెక్కుచెదరదు. కూడికల ఫార్ములాలు కూడా వచ్చేస్తాయి. తలంబ్రాల బియ్యం దాకా ఏదీ మర్చిపోతామన్న బెంగ ఉండదు.

ఒక్కో వరుసకీ ఇప్పటి రేటు వేస్తూ మా వారు ‘ఆడపడుచు లాంఛనం 50,000’ దగ్గరికొచ్చారు. దాన్ని 75,000 చేశారు. పక్కనే ఉన్న చిన్నది "ఎవరడిగారు నాన్నా?" అంది. ఎవరూ అడగలేదు. అసలా అబ్బాయికి అక్కచెల్లెళ్ళే లేరు!

పాత ఫైల్లో ఆ గడికి నేను కామెంటు రాసి పెట్టాను, వాళ్ళు పట్టుబడితే అప్పు చేసి ఇచ్చామని. కాపీ తీసేటప్పుడు కామెంట్లు కూడా కావాలని టిక్కు పెడితేనే వస్తాయి. మా వారు పెట్టలేదు. అంకె వచ్చింది, ఆ రోజు మేం పడ్డ బాధ రాలేదు.

మన ఇళ్ళల్లో చాలా ఆనవాయితీలు ఇలాగే నడుస్తున్నాయేమో అనిపించింది. ఒకరు బలవంతం మీద ఇచ్చినది, తర్వాతి పెళ్ళికి పద్ధతి అయిపోతుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అడక్కుండానే పద్దులో రాసుకునేవాళ్ళం మనమైతే చట్టం మాత్రం ఏం చేస్తుంది?

కాపీ తీయొద్దని నేననను. తీశాక ముందు ఖర్చుల అంకెలన్నీ చెరిపేయండి. పేర్లు మాత్రం ఉంచి, ఒక్కోదాని దగ్గరా ఆగి "ఇది ఎవరికి కావాలి?" అని అడగండి. జవాబు దొరకని వరుస తీసేయండి. రేపు అవసరమైతే చూసుకోవడానికి పాత ఫైలు ఎలాగూ ఉంటుంది. పెళ్ళి చేసుకునే పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

మేం ఆ వరుస తీసేశాం. మొత్తం దానంతటదే తగ్గింది. పెద్దదాని ఫైల్లో మాత్రం అది అలాగే ఉంది. ఇప్పుడు చెరిపినా ఆ అప్పుకి కట్టిన వడ్డీ తిరిగి రాదు కదా.