మొద్దులెత్తడానికి మట్టి బకెట్టా?

గాలివాన కొట్టినప్పుడల్లా ఘంటసాల మండలం శ్రీకాకుళం మొదలు దివిసీమ దాకా పుంత రోడ్లకు అడ్డంగా తుమ్మ, నిద్రగన్నేరు మాన్లు పడతాయి. జేసీబీ అద్దె భరించలేక చిన్న ట్రాక్టరుకు లోడరు పెట్టిద్దామంటే డీలరు అంటగట్టేది మట్టి బకెట్టే. అడుగు మందం, పదడుగుల పొడవున్న పచ్చి మొద్దు సుమారు 200 కిలోలు. బకెట్టులో అది కుదురుగా నిలవదు. పైకెత్తితే దొర్లి డ్రైవరు మీదికే వస్తుంది!

కావలసింది ఫోర్కులు, పైనుంచి నొక్కిపట్టే గ్రాబ్. గ్రాబ్ బరువూ లోడరు మోసే బరువులోంచే పోతుంది గనుక తేలికపాటిదే అడగండి. ట్రాక్టరు వెనక బరువు కట్టనిదే ఎత్తొద్దు (అమ్మేవాళ్లలో ఈ మాట చెప్పేదెందరు?). మొద్దును జానెడెత్తులోనే నడపండి.

రోటవేటర్లకు సబ్సిడీ ఇచ్చిన వ్యవసాయ శాఖకు గ్రాబ్ ఎందుకు కనపడదు? 1977 ఉప్పెన వచ్చింది నవంబరు 19న. ప్రతి కస్టమ్ హైరింగ్ కేంద్రానికీ గ్రాబ్ అక్టోబరు లోపే చేరాలి.