రెండో రూపాయి

మన వాడుకలో డూప్లికేటు అన్న మాటకు చెడ్డపేరు ఉన్నది. డూప్లికేటు సరుకు అంటే నకిలీ సరుకు. డూప్లికేటు తాళంచెవి ఒక్కటే కాస్త మర్యాదగా బతుకుతున్నది. నాణేలు సేకరించేవారు మాత్రం ఈ మాటను ఏ సంకోచమూ లేకుండా వాడతారు. తమ వద్ద ఉన్న నాణెం వంటిదే మరొకటి చేతికి వస్తే అది డూప్లికేటు. టంకశాలలో ఒకే రోజున ఒకే అచ్చు కింద పుట్టిన రెండు పావలాల్లో ఏది అసలు, ఏది డూప్లికేటు? ముందుగా నా చేతికి వచ్చింది అసలు అయిపోయింది, అంతే. ఉన్నవాటిలో మెరుగైనదాన్ని ఉంచుకొని మిగిలినవి మార్చుకో, లేదా అమ్ముకో అన్నది ఈ వ్యసనం ఉన్నవారందరూ కొత్తవారికి చెప్పే తొలి పాఠం. ఆ పాఠంతో నాకు సగమే ఏకీభావం.

ఆ సగం సంగతి ముందు చెబుతాను. 1988లో మొదలైన ఖడ్గమృగం బొమ్మ స్టీలు పావలాలు నా వద్ద ఒక హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి. 2011 జూన్ చివరితో పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయినప్పుడు, “మీరు దాచుకుంటారు కదా” అంటూ తెలిసినవాళ్ళు తెచ్చి ఇచ్చినవే ఎక్కువ. వీటిని సంవత్సరం కింద ఉండే గుర్తును చూసి విడదీయాలి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. ఒక్కొక్క రకానికి రెండేసి తీసి పెట్టుకున్నాక మిగిలినవి నిజంగానే మిగులు. వాటిని అమ్మబోతే కొనేవాడు దొరకడు. పాత నాణేలకు లక్షలు ఇస్తామంటూ వచ్చే ప్రకటనలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. పిల్లలకు ఇచ్చెయ్యడం ఉత్తమం. 1964లో వచ్చిన ఆరు పలకల అల్యూమినియం మూడు పైసల బిళ్ళను అద్దం వెనుక చూపిస్తే ఏ పిల్లవాడూ రెండోసారి చూడడు. అరచేతిలో పెడితే దాని తేలికదనానికి ఆశ్చర్యపోతాడు. పోగొట్టుకుంటే పోగొట్టుకోనీ, నష్టమేమీ లేదు.

వెండి రూపాయల దగ్గరికి వచ్చేసరికి ఇదే సూత్రం ప్రమాదకరం. మొదటి ప్రమాదం మన కంటి తొందర. నిజాముల చార్మినారు రూపాయలు పక్కపక్కన పెడితే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చార్మినారు ద్వారంలోకి చూడాలి. అక్కడ మీమ్ అనే అక్షరం ఉంటే అది మీర్ మహబూబ్ అలీ ఖాన్ రూపాయి, ఐన్ అనే అక్షరం ఉంటే ఆయన తరువాత 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి. ఆ ఐన్ కూడా తొలుత పొట్టిగా ఉండి తరువాత పూర్తి రూపానికి వచ్చింది. ఉర్దూ రానివాడు ఈ మూడింటినీ ఒకే కుప్పలో పోసి రెండింటిని అమ్ముకుంటాడు.

కొంచెం ఓపిక పడితే ఈ ప్రమాదం తప్పుతుంది. రెండోది అలా కాదు. నాణేలు అచ్చంగా ఒకటే అయినప్పుడు కూడా వాటి సంఖ్యకు ఒక అర్థం ఉంటుంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబి వద్ద ఒక నిధి బయటపడింది. అందులో సుమారు 13,250 వెండి నాణేలు, అన్నీ క్షహరాత రాజు నహపానుడివే. వాటిలో సుమారు 9,270 నాణేల మీద మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు డబ్బును గెలిచిన రాజు తన డబ్బుగా మార్చుకుంటూ, మూడింట రెండు వంతుల దాకా వచ్చాడన్నమాట. ఆ బిందె దొరికినవారు మన పాఠం ప్రకారం నహపానుడివి ఒకటి, తిరిగి ముద్రించినవి ఒకటి ఉంచుకొని మిగిలిన పదమూడు వేల చిల్లరనూ కరిగించి ఉంటే, గెలుపు సంగతి తెలిసేదే కాని, ఆ నిష్పత్తి తెలిసేది కాదు. పైగా ఆ నాణేల మీది నహపానుడి ముఖాలు ఒకదానితో ఒకటి పోలవు. అన్నీ ఒక మనిషివేనా అని పండితులు తల బద్దలు కొట్టుకున్నారు. ఒక్క నాణెమే మిగిలి ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు.

ఇదంతా ఇప్పుడు తవ్వి పోయడానికి కారణం మా అమ్మమ్మ పెట్టెలో దొరికిన గుడ్డసంచీ. ఆమె కాపురం జగ్గయ్యపేట దగ్గర, కంపెనీ తరువాత దొరల పాలన సాగిన వైపు. పుట్టిల్లు ఎల్లకు ఆవల, నైజాములో. సంచీలో మొత్తం 63 రూపాయలు. 38 కల్దార్లు, 25 హాలీ సిక్కాలు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకమన్న లెక్క ఆమెకు చివరిదాకా నోటికి వచ్చు. మా బావ ప్రతిపాదన సబబుగానే వినిపిస్తుంది. వారసులం ఐదుగురం, ఒక్కో రకం తలా ఒకటి జ్ఞాపకంగా తీసుకొని, డూప్లికేట్లను వెండి ధరకు అమ్మి పంచుకుందాం అంటాడు. ఒక్కో కల్దారు 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. లెక్క తేలికే. మా పిన్ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి ఇస్తానంటున్నది. దాన్ని మాత్రం గట్టిగా ఆపాను.

బావ డూప్లికేట్లంటున్న కల్దార్లలో 1917, 1918 సంవత్సరాలవి పద్నాలుగు ఉన్నాయి. ఆ సంఖ్య ఊరికే రాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మన సరుకుకూ సైన్యానికీ చెల్లింపులు పెరిగి వెండి రూపాయలకు విపరీతమైన గిరాకీ ఏర్పడింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కోట్లలో కరిగించి, ఇండియా కోసమని బ్రిటన్‌కు అమ్మింది. టంకశాలలు ఆ ఏళ్ళలో రూపాయలను వరదలా వదిలాయి. ఆ వరద ఒక పల్లెటూరి ఆడమనిషి పెట్టె దాకా ఎంత వచ్చిందో చెప్పేది ఆ పద్నాలుగు. తలా ఒకటి పంచుకొని తొమ్మిది అమ్మితే ఐదుగురికీ రూపాయి దక్కుతుంది, సంగతి ఎవరికీ దక్కదు. అలాగే 38కి 25 అన్న లెక్క. అత్తవారి వైపు నుంచి ఎంత, పుట్టింటి వైపు నుంచి ఎంత చేతికి వచ్చిందో ఆమె ఏ కాగితం మీదా రాసుకోలేదు. ఆమెకు రాత రాదు.

వారసులకు డబ్బు అవసరం ఉండకూడదని నేను అనను. అవసరం ఉన్నవారికి వెండి ధర కట్టి వారి వాటా నేను ఇచ్చుకుంటానన్నాను. సంచీ నా ఇంట్లోనే ఉండాలన్న పట్టుదల కూడా లేదు, పిన్ని ఇంట్లో ఉన్నా మంచిదే, విడిపోకుండా ఉంటే చాలు. ఏదీ కుదరక అమ్మక తప్పకపోతే, ముందు ప్రతి నాణేనికీ సంవత్సరం, బరువు, టంకశాల గుర్తు, రెండు వైపుల ఫోటో పుస్తకానికెక్కాలి. ఆ పని మొదలుపెట్టాను, నలభై దాకా అయ్యాయి. వాటిలో ఒక విక్టోరియా రూపాయికి అంచున కొక్కెం అతికి ఊడదీసిన మచ్చ ఉన్నది, ఎప్పుడో మెడలో వేసుకున్నదే. నాణేల దుకాణదారు దాన్ని చూడగానే “ఇది పాడైపోయిందండీ, కరిగించుకోవడానికే పనికొస్తుంది” అని పక్కకు నెట్టాడు. పుస్తకంలో దాని ఎదుట మచ్చ ఎంత పొడవుందో కూడా రాశాను.