తెర నల్లబడితే... స్పీకర్ మూగబోతే...

కంప్యూటర్ ఆన్ చేశారు. సీపీయూలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు. పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ పోయాయేమోనని ఇంట్లో కంగారు మొదలవుతుంది. అంత భయం అక్కర్లేదు. మానిటర్ పని చూపించడమే. ఫైళ్లన్నీ ఉండేది సీపీయూ లోపలి డిస్కులో. తెర చెడినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు గోడ దగ్గరి ప్లగ్గు నుంచి తెర దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తే, చాలాసార్లు అసలు లోపం అక్కడే దొరికిపోతుంది.

లైటు ఏం చెబుతోంది?

ముందు మానిటర్ మీది చిన్న లైటు చూడండి. అది వెలగకపోతే కరెంటు అందడం లేదన్నమాట. ప్లగ్గు వదులైందేమో చూసి, మరో సాకెట్‌లో పెట్టి చూడండి. లైటు వెలుగుతూ తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ చాలావరకు బాగున్నట్టే, సీపీయూ నుంచి బొమ్మ రావడం లేదంతే. కేబుల్‌ను రెండువైపులా తీసి గట్టిగా పెట్టాలి. సీపీయూకు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్‌ను దానికే తగిలించాలి. మానిటర్ మెనూలో వీజీఏ, హెచ్‌డీఎంఐల్లో కేబుల్ ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

బొమ్మంతా పసుపు పచ్చగానో, గులాబీ రంగులోనో కనిపిస్తోందా? వీజీఏ కేబుల్ అయితే దాని కొసన 15 పిన్నులుంటాయి. ఒకటి వంగినా ఒక రంగు అందకుండా పోతుంది. ఎల్‌సీడీ తెర నల్లగా ఉంటే టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ పోయిందని అర్థం. అది మెకానిక్ చూడాల్సిందే.

శబ్దం రాకపోతే...

స్పీకర్లకు కరెంటు ఉందా, వాల్యూమ్ తిప్పి ఉందా, తెర కింద మూలనున్న స్పీకర్ బొమ్మ మ్యూట్‌లో లేదు కదా అని చూడాలి. సీపీయూ వెనక రంగురంగుల రంధ్రాలుంటే, మామూలుగా స్పీకర్ పిన్ను పెట్టాల్సింది ఆకుపచ్చదాంట్లో. గులాబీ రంగుది మైకుకు.

మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాకే మాట ఆగిపోయిందా? ఆ కేబుల్ బొమ్మతోపాటు శబ్దాన్నీ మోసుకెళ్తుంది. కంప్యూటర్ శబ్దాన్ని మానిటర్‌కు పంపేస్తుంటే స్పీకర్లు మూగబోతాయి. స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, సౌండ్ సెట్టింగ్స్‌లో ‘అవుట్‌పుట్’ దగ్గర స్పీకర్లను ఎంచుకుంటే సరి.

ఆగకుండా గుయ్యిమని మోత వస్తుంటే స్పీకర్, సీపీయూ రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి చూడండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించడమూ అవసరమే. పక్కన పెట్టిన సెల్‌ఫోన్ వల్ల కూడా గరగర రావచ్చు.

ఇది మాత్రం వద్దు

టీవీ డబ్బాలా లోతుగా ఉండే పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్‌ను ఇంట్లో విప్పకండి. రంగుల ట్యూబ్‌లో 20 వేల వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్గు తీసినా కొంతసేపు ఆ ప్రమాదం పోదు. ఏ మానిటర్ నుంచైనా కాలిన వాసన వస్తే వెంటనే మెయిన్ స్విచ్ కట్టేయాలి.

ఇన్ని చూసినా ఫలితం లేకపోతే ఆఖరి పరీక్ష ఒకటుంది. మీ మానిటర్‌ను పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడ పనిచేస్తే లోపం మానిటర్‌ది కాదు, సీపీయూదో కేబుల్‌దో. స్పీకర్లనైతే సెల్‌ఫోన్‌కు కలిపి చూసినా తెలిసిపోతుంది. ఈ ఐదు నిమిషాల ఓపికతో కొత్త మానిటర్ ఖర్చు తప్పిపోవచ్చు.