స్క్రమ్‌ మాస్టర్‌ తర్వాత మెట్టు ఏది?

రెండు రోజుల శిక్షణతో పట్టా.. పదేళ్ల దారిపై అస్పష్టత
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల పట్టభద్రులకు కొత్త చిక్కు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లో ఇంజినీరింగ్‌ పూర్తిచేసి ఉద్యోగ వేటలో హైదరాబాద్‌ బాట పట్టే యువతలో చాలామంది మొదట దిగేది అమీర్‌పేటలోనే. అక్కడి శిక్షణ సంస్థల బోర్డులపై జావా, టెస్టింగ్‌ల సరసన కొన్నేళ్లుగా ‘స్క్రమ్‌ మాస్టర్‌’ అనే పేరు కూడా చేరింది. కోడ్‌ రాయాల్సిన పనిలేదు, రెండు రోజుల్లో సర్టిఫికెట్‌, ఆపై మంచి వేతనం.. ఇదీ ప్రచారం. ప్రోగ్రామింగ్‌ అంటే జంకేవారు, చదువుకూ ఉద్యోగానికీ నడుమ ఖాళీ వచ్చినవారు, పిల్లల పెంపకం కోసం కొలువుకు విరామమిచ్చిన మహిళలు దీనివైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ కుర్చీలో కూర్చున్నాక పైకెక్కే మెట్టు ఏదన్న ప్రశ్నకు ప్రచార పత్రాల్లో సమాధానం దొరకదు. 2023 నుంచి ఆ కుర్చీకే భరోసా కొరవడింది.

పేరులో మాస్టర్‌.. పెత్తనం లేదు

స్క్రమ్‌ అనేది రగ్బీ ఆటలోని మాట. ఆటగాళ్లు భుజం భుజం కలిపి బంతి కోసం తోసుకునే ఘట్టమది. జపాన్‌కు చెందిన నిర్వహణశాస్త్ర ఆచార్యులు హిరోటాకా టకేయుచి, ఇకుజిరో నొనాకా 1986లో హార్వర్డ్‌ బిజినెస్‌ రివ్యూలో రాసిన వ్యాసంలో ఈ ఆటను ఉదాహరణగా తీసుకున్నారు. ఆ ఊహను సాఫ్ట్‌వేర్‌ తయారీకి అన్వయించి, 1995లో ఒక పద్ధతిగా సభాముఖంగా వివరించినవారు కెన్‌ ష్వాబర్‌, జెఫ్‌ సదర్లాండ్‌. ఈ పద్ధతిలో పది మందికి మించని బృందం నెల లేదా అంతకు తక్కువ గడువులో పనిచేసే ఒక భాగాన్ని తయారుచేసి చూపించాలి. ఆ గడువే స్ప్రింట్‌. రోజూ 15 నిమిషాలు కలుసుకుని పని ఎక్కడ ఆగిందో చెప్పుకోవాలి. అమెరికా ఖాతాదారుతో కలిసి పనిచేసేచోట ఆ 15 నిమిషాలు మనకు తరచూ రాత్రి వేళే వస్తాయి. కరోనా కాలంలో మిర్యాలగూడ, వనపర్తి వంటి పట్టణాల ఇళ్లలోనూ ఈ సమావేశాలు సాగాయి.

ఈ వ్యవహారం సక్రమంగా నడిచేలా చూడటం, బృందానికి అడ్డొచ్చే చిక్కులను తొలగించడం స్క్రమ్‌ మాస్టర్‌ పని. పాలమూరుకు గుంపు మేస్త్రీ కొత్తవాడు కాదు. కూలీలను కూడగట్టి, ముందుగా డబ్బిచ్చి, పనిచోటుకు తీసుకెళ్లి, చివరికి లెక్క కట్టేది అతడే. స్క్రమ్‌ మాస్టర్‌ను అలాంటివాడిగా ఊహించుకుంటే పొరపాటే. ఆయన చేతిలో జీతం లేదు, సెలవు లేదు, పదోన్నతి లేదు. ఏ పని ముందు చేయాలో నిర్ణయించేది ప్రొడక్ట్‌ ఓనర్‌. ఎలా చేయాలో తేల్చుకునేది ఇంజినీర్లు. 2020 నవంబరులో సవరించిన స్క్రమ్‌ గైడ్‌ దీన్ని ‘పాత్ర’ అనడం కూడా మానేసి ‘జవాబుదారీ’గా పేర్కొంది. అంటే అది హోదా కాదు, బాధ్యత మాత్రమే. చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది.

వేటు పడిందిలా

2023 జనవరిలో అమెరికాకు చెందిన క్యాపిటల్‌ వన్‌ బ్యాంకు తన సాంకేతిక విభాగంలో స్క్రమ్‌, అజైల్‌ పనులకే ప్రత్యేకించిన 1,100కు పైగా కొలువులను ఒక్కసారిగా రద్దు చేసింది. ఆ పద్ధతిని వదులుకోలేదు. ఆ బాధ్యతను ఇంజినీర్లు, ప్రొడక్ట్‌ మేనేజర్లకే అప్పగించింది. పద్ధతి మిగిలింది, మనిషి పోయాడు. స్వదేశంలో 2025 జులైలో టీసీఎస్‌ తన సిబ్బందిలో సుమారు రెండు శాతాన్ని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గించుకోనున్నట్లు ప్రకటించింది. వారిలో అధికులు మధ్య, పై స్థాయి ఉద్యోగులేనని సంస్థే తెలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించింది. ఇక్కడ నాలుగేళ్లు నెట్టుకొచ్చి ఆపై విమానమెక్కాలన్న పాత లెక్క దీంతో తారుమారైంది. సమావేశాల సారాంశం రాయడం, పనుల పట్టికను తాజాగా ఉంచడం వంటివి కృత్రిమ మేధ చేసిపెడుతున్న ఈ రోజుల్లో, ఆ రెండింటికే పరిమితమైనవారికి ముప్పు ఎక్కువ.

పట్టాల నిచ్చెన వేరు.. కొలువు నిచ్చెన వేరు

స్క్రమ్‌ అలయన్స్‌ ఇచ్చే సీఎస్‌ఎం పట్టాకు శిక్షణ తరగతులకు హాజరై, 50 ప్రశ్నల్లో 37కు సరైన జవాబులిస్తే చాలు. రెండేళ్లకోసారి రుసుము చెల్లించి దాన్ని పునరుద్ధరించుకోవాలి. పై పట్టాలైన ఏ-సీఎస్‌ఎంకు ఏడాది, సీఎస్‌పీ-ఎస్‌ఎంకు రెండేళ్ల అనుభవం తప్పనిసరి. కెన్‌ ష్వాబర్‌ 2009లో స్థాపించిన స్క్రమ్‌.ఆర్గ్‌ సంస్థ ఇచ్చే పీఎస్‌ఎంలో మూడు అంచెలున్నాయి. దీనికి తరగతులు తప్పనిసరి కాదు, గడువు తీరదు. మొదటి అంచె పరీక్షలో గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం మార్కులు రావాలి. ఇవన్నీ పట్టాల నిచ్చెనకు మెట్లు. మూడు పట్టాలు గోడకు తగిలించినా కార్యాలయంలో హోదా మారకపోవచ్చు.

కొలువులో ఎదగాలంటే పక్క దారులే ఎక్కువ. వాటిలో బలమైనది ప్రొడక్ట్‌ ఓనర్‌ దారి. ఇంజినీరింగ్‌ విద్యార్థికి బ్యాక్‌లాగ్‌ అంటే తప్పిన సబ్జెక్టు, గుండెల్లో గుబులు. ఇక్కడ బ్యాక్‌లాగ్‌ అంటే చేయవలసిన పనుల జాబితా. దాన్ని వరుసలో పెట్టే అధికారమే ప్రొడక్ట్‌ ఓనర్‌ది. ఆ అధికారం స్క్రమ్‌ తెలిసినందుకు రాదు, వ్యాపారం తెలిసినందుకు వస్తుంది. బీమా క్లెయిముల ప్రాజెక్టులో నాలుగేళ్లు స్క్రమ్‌ మాస్టర్‌గా ఉన్న వ్యక్తి, క్లెయిము ఎందుకు తిరస్కరణకు గురవుతుందో, ఆసుపత్రి బిల్లు ఏ దశలో ఆగుతుందో నేర్చుకుని ఉంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. నాలుగేళ్లూ సమావేశాల వేళలు చూసుకుంటూ గడిపితే తెరుచుకోదు. బ్యాంకులు, మందుల పరిశోధన, చిల్లర వ్యాపారం.. హైదరాబాద్‌లో వెలసిన బహుళజాతి సంస్థల సొంత కేంద్రాల్లో ఏ రంగమైనా ఇదే తీరు.

రెండో దారి డెలివరీ మేనేజర్‌. సేవల కంపెనీల్లో ఇది పాత బాటే. బడ్జెట్‌, ఒప్పందం, ఖాతాదారు అసంతృప్తి అన్నీ నెత్తిన పడతాయి. ఇక్కడ పీఎంఐ ఇచ్చే పీఎంపీ పట్టాకు విలువ ఉంది. డిగ్రీ ఉన్నవారు ప్రాజెక్టులను నడిపిన 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. 2024 ముగింపుతో అజైల్‌ అలయన్స్‌ కూడా పీఎంఐ గొడుగు కిందకు చేరింది. ఒకప్పుడు ఒకదాన్నొకటి వెక్కిరించుకున్న రెండు శిబిరాలు ఏకమవడం గమనార్హం.

పెద్ద సంస్థల్లో ‘సేఫ్‌’ విధానం అమలయ్యేచోట రిలీజ్‌ ట్రైన్‌ ఇంజినీర్‌ అనే స్థానముంది. 50 నుంచి 125 మంది దాకా ఉండే పలు బృందాలను ఎనిమిది నుంచి పన్నెండు వారాల ప్రణాళికతో నడిపించే పని ఇది. స్క్రమ్‌ మాస్టర్‌కు సహజమైన పైమెట్టు ఇదే అయినా స్థానాలు పరిమితం. ఇక అజైల్‌ కోచ్‌ పేరు వినడానికి ఘనంగా ఉంటుంది. క్యాపిటల్‌ వన్‌లో ఊడినవి ఈ తరహా కొలువులే కనుక, అదొక్కటే లక్ష్యంగా పెట్టుకోవడం సాహసమే. ఇంజినీరింగ్‌ మేనేజర్‌ కావాలనుకునేవారు మాత్రం కోడ్‌ను వదలకూడదు. డెవలపర్‌గానో టెస్టర్‌గానో మొదలై అదనంగా స్క్రమ్‌ బాధ్యత తీసుకున్నవారికే ఆ అవకాశం.

జిల్లాలో ఏం జరగాలి?

మహబూబ్‌నగర్‌ శివారు దివిటిపల్లిలో 2023 మే 6న, నల్గొండలో అదే ఏడాది అక్టోబరు 2న ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఇలాంటి టవర్లకు వచ్చే చిన్న సంస్థలు స్క్రమ్‌ మాస్టర్‌ను ప్రత్యేకంగా నియమించుకోవడం అరుదు. ఉన్న ఇంజినీర్లలో ఒకరికి ఆ పని అప్పగిస్తాయి. పైకి లోటుగా కనిపించినా తొలి ఉద్యోగికి ఇదే మేలు. కోడ్‌ చేతిలో ఉంటుంది, బృందాన్ని నడిపే అలవాటూ అబ్బుతుంది. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థలు స్క్రమ్‌ మాస్టర్‌కు అనుభవం అడుగుతాయి. తాజా పట్టభద్రుడికి అది ఉండదు. ఆ లోటును పూడ్చేందుకే లేని అనుభవానికి పత్రాలు పుట్టించే దందా సాగుతోంది. చేరిన కొన్నాళ్లకు నేపథ్య విచారణలో ఆ పత్రం బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, తర్వాతి సంస్థ తలుపు కూడా మూసుకుపోతుంది. కూలి సొమ్ముతోనో పొలం తాకట్టుతోనో ఫీజు కట్టిన కుటుంబానికి ఇది కోలుకోలేని దెబ్బ.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోనూ, కోదాడ నుంచి వనపర్తి వరకు ఉన్న ఇంజినీరింగ్‌ కళాశాలల్లోనూ సాంకేతిక కోర్సుల ప్రాజెక్టులు పరీక్ష ముందు హడావుడిగా ముగించడం పరిపాటి. ఆ ప్రాజెక్టునే రెండేసి వారాల స్ప్రింట్‌లుగా విడగొట్టి, విద్యార్థులు వంతులవారీగా స్క్రమ్‌ మాస్టర్‌ బాధ్యత మోసేలా చేయడానికి అదనపు నిధులు అక్కర్లేదు. అధ్యాపకుడు వారానికి ఒక గంట కేటాయిస్తే చాలు. స్క్రమ్‌ గైడ్‌ పట్టుమని పదిహేను పేజీలు కూడా ఉండదు, ఉచితంగా లభిస్తుంది. అమీర్‌పేటలో వేలు పోసి కొనే శిక్షణకు మూలం కూడా ఆ పేజీలే.