కుక్క నాకితే ఏమవుతుందిలే అనుకోవద్దు

మిరప కళ్లాల రోజుల్లో కుక్క లేని రైతు ఇల్లు మన పల్నాటి పల్లెల్లో అరుదు. రాత్రిపూట కళ్లంలో కాయ పోకుండా కాసేది అదే. పగలు గుమ్మం ముందు పడుకుని పసిపిల్లలతో ఆడేదీ అదే. ఆ ఆటలో అది పిల్లాడి చేతులు నాకుతుంది, చెంపలు నాకుతుంది, చివరకు మూతీ నాకుతుంది. మనం చూసి నవ్వుకుంటాం. "ఎంత ప్రేమో చూడండి" అని పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపిస్తాం. పొరపాటు ఆ నవ్వు దగ్గరే మొదలవుతోందని నా అభిప్రాయం.

కుక్కను పెంచొద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. నేనూ రైతునే, మా ఇంట్లోనూ కుక్క ఉంది. అయితే పోయిన సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి మీకు చెప్పాలి.

పండక్కి వచ్చిన మా మనవడు, నాలుగేళ్లవాడు, వాకిట్లో పరుగెడుతూ పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం చెమర్చింది. వాళ్లమ్మ వచ్చేలోపే కుక్క వెళ్లి ఆ దెబ్బను నాకేసింది. "కుక్క నాకితే పుండు తొందరగా మానుద్దిలే అమ్మా" అన్నాను నేను. మా పెద్దవాళ్లు చెప్పిన మాటే అది. కోడలు నా మాట వినలేదు. దెబ్బను సబ్బుతో బాగా కడిగి పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్దామంది. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "కుక్కకు టీకా వేయించారా?" అని.

నేను నోరు మెదపలేకపోయాను. గేదెలకు గొంతువాపు టీకా ఎప్పుడు వేయించానో చెప్పగలను. గొర్రెలకు నట్టల మందు ఏ నెలలో తాగించానో చెప్పగలను. కుక్కకు మాత్రం ఏ టీకా వేయించలేదు. నేను చేసిన ఆ తప్పుకు పిల్లాడు సూది పోట్లు తిన్నాడు. దెబ్బ చుట్టూ సీరం ఎక్కించారు, టీకాలు మొదలుపెట్టారు. కుక్కను పది రోజులు కట్టేసి కనిపెట్టుకుని ఉండమన్నారు. దానికేమీ కాలేదు, పిల్లాడూ బాగున్నాడు. కానీ ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగా దిగలేదు.

అసలు సంగతి ఏమిటంటే, రేబిస్ క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. అది ఒంట్లోకి పోవడానికి కాటే పడాలని లేదు. చర్మం చిట్లిన చోట నాకినా, కళ్లకు, నోటికి, ముక్కు లోపలికి చొంగ తగిలినా అది కాటుతో సమానమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీటిని అన్నిటికన్నా ప్రమాదకరమైన మూడో తరగతిలోనే చేర్చింది. చెక్కుచెదరని చర్మం మీద నాకితే మాత్రం కంగారు పడక్కర్లేదు, సబ్బుతో కడుక్కుంటే చాలు. కానీ ఎప్పుడూ మోకాళ్లు కొట్టుకుపోయి, గజ్జి గోక్కుని, చీమిడి ముక్కుతో తిరిగే పసివాడి ఒంట్లో చెక్కుచెదరని చర్మం ఎక్కడుందో మనమెలా చెప్పగలం? పైగా ఆ లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడటం దాదాపు లేదు. పిచ్చి లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు నుంచే కుక్క చొంగలో క్రిమి ఉండొచ్చు. "మా కుక్క బాగానే ఉందిగా" అనే ధీమా అందుకే పనికిరాదు.

రేబిస్ ఒక్కటే కాదు, గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్లవాళ్లు మరో సంగతి గమనించాలి. జాతరకో పండక్కో వేటను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటివి కనిపిస్తాయి. ఆ ముక్క మనం తినం, కోసి కుక్కకు విసిరేస్తాం. ఆ బుడగల్లో ఉండేది బద్దెపురుగు పిల్లలు. అవి కుక్క పేగుల్లో పెరిగి గుడ్లు పెడతాయి, గుడ్లు పేడతో బయటికొస్తాయి. కుక్క తన వెనక భాగం నాక్కుని, అదే నోటితో పిల్లాడి చేయి నాకుతుంది. ఆ చేత్తో వాడు అన్నం తింటాడు. అలా పోయిన గుడ్ల వల్ల మనిషి కాలేయంలోనూ అవే బుడగలు పెరుగుతాయి. ఏళ్ల తరబడి పైకి తెలియవు, తెలిసేసరికి ఆపరేషన్ దాకా రావొచ్చు. కాబట్టి ఆ ముక్కలు కుక్కకు వెయ్యొద్దు. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి, లేదా కాల్చేయండి.

ఇక కుక్క అసలెందుకు నాకుతుంది? కుక్కపిల్ల తల్లి మూతి నాకితే తల్లి తిన్నది కక్కి పెడుతుంది. ఆ పుట్టుబుద్ధి పెద్దయినా పోదు. పసివాడి మూతికి పెరుగన్నం, చేతికి బెల్లం అంటుకుని ఉంటాయి. ఒంటి చెమటలో ఉప్పుంటుంది. అది నాకగానే అందరం నవ్వి దగ్గరకు తీస్తాం. ఇన్ని లాభాలుంటే అది ఎందుకు మానుతుంది? తప్పు దానిది కాదు, అలవాటు చేసింది మనమే.

ఆ అలవాటు మాన్పించడానికి కర్ర తియ్యొద్దు. పిల్లాడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా దెబ్బలు పడితే, పిల్లాడి మీదే దానికి కోపం పుడుతుంది. అంతకన్నా తేలిక పనులున్నాయి. పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు కుక్కను కట్టేయండి. తినగానే వాళ్ల మూతీ చేతులూ కడగండి. పిల్లల చేతి ముద్దలు దానికి పెట్టనివ్వకుండా, దాని గిన్నె, దాని వేళ వేరుగా ఉంచండి. నాకడానికి వస్తే అరవకుండా, నవ్వకుండా, పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కకు తిరగండి. "కూర్చో" అంటే కూర్చోవడం నేర్పి, కూర్చున్నప్పుడే నిమరండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే కొన్ని వారాల్లో తేడా మీకే తెలుస్తుంది. తాత వద్దని నాయనమ్మ ముద్దు చేస్తే మాత్రం ఎన్నాళ్లయినా మారదు.

పిల్లలకూ నాలుగు మాటలు చెప్పాలి. కుక్క మూతి దగ్గర మూతి పెట్టొద్దు, తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దు, మీదికొస్తే పరుగెత్తకుండా చెట్టులా నిలబడాలి. అది మొహం తిప్పుకున్నా, గుర్రుమన్నా "నన్నొదిలెయ్" అని చెబుతున్నట్టే. ఎంత మంచి కుక్కయినా సరే, పసివాణ్ణి దాని దగ్గర ఒంటరిగా వదిలి చేలోకి వెళ్లొద్దు.

ఒకవేళ దెబ్బ మీద నాకితే పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం పెద్దవాళ్లలో ఇంకా ఉంది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పటి టీకాలు చేతికో, చిన్నపిల్లలకైతే తొడకో వేస్తారు, నాలుగైదు విడతల్లో అయిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, నెల తర్వాత మరొకటి, ఆపైన ఏడాదికోసారి వేయించాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి పురుగుల మందు, అందులో బద్దెపురుగుకు పనిచేసేది, డాక్టరును అడిగి వేయాలి. 1885 జూలై 6న ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడు జోసెఫ్ మైస్టర్‌కు మొదటిసారి టీకా ఇచ్చి బతికించాడు. ఆ గుర్తుగానే జూలై 6ను జూనోసిస్ దినంగా జరుపుతారు. ఆ రోజు పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఏరువాక పనుల్లో పడి ఆ తేదీ మరిచిపోకండి, గోడ మీది క్యాలెండర్లో ఇప్పుడే గీత గీసుకోండి.

కుక్కను ముద్దు చేస్తే మూతి నాకిందని మన పెద్దలు ఊరికే అనలేదు. మనకు కాపలా కాసే కుక్కకు తిండి, నీడ, టీకా ఇవ్వడం మన ధర్మం. పసివాడి మూతి దానికి అందకుండా చూడటమూ మన ధర్మమే. మీ కుక్కకు చివరిసారి టీకా ఎప్పుడు వేయించారో ఇప్పుడే గుర్తు చేసుకోండి. గుర్తుకు రాకపోతే రేపు పొద్దున్నే పాలు పోసి వచ్చేటప్పుడు పశువుల ఆసుపత్రికి వెళ్లి అడగండి.