బీల పటం ఊరివాళ్ల చేత గీయించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను, కాగితాల్లో పనికిరాని భూమిగా చూస్తే ఏమవుతుందో 2010 జులై 14న చూశాం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఆ బీలలో నీరు ఎటునుంచి వస్తుందో, ఎండాకాలం చేపలు ఏ మడుగు చేరతాయో సర్వేయరు కొలతకు అందదు. అందుకే రచ్చబండ దగ్గర ముగ్గుపిండి ఇచ్చి ఊరివాళ్లను నేల మీద బీల పటం గీయమనండి. చేపలు పట్టేవాళ్లు, పశువుల కాపరులు, వరి రైతులు అందరూ రావాలి. ఆడవాళ్లను మరీ మరీ పిలవండి, గడ్డి కోసే చోట్లు వాళ్లకే బాగా తెలుసు. పటంలో తగాదా ఉన్న చోట గుర్తుగా రాయి పెట్టించండి.

ఆ పటాన్ని గ్రామసభలో ఖాయం చేసి రెవెన్యూ రికార్డులో చేర్చండి. ఏ ప్రాజెక్టుకైనా భూమి కేటాయించే ముందు దాన్ని చూడాలని ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
బీల మేలు కోరే ఒక పాత్రికేయుడు